గండికోటలో పదకొండు శనివారాలు

2022 నవంబరు 19, శనివారం, రాత్రి ఎనిమిది గంటల నలభై నిమిషాలు. మొదలైంది అప్పుడే. అంతకు నెల ముందే మొదలైందని మా మరదలు అంటుంది. రెండు వారాల తర్వాత మొదలైనట్టు డాక్టరు రాసుకున్నాడు. ఇద్దరిదీ పొరపాటు. ఫోను వచ్చింది నాకు.

మా తమ్ముడు పన్నెండేళ్లుగా ప్రతి రాత్రీ ఎనిమిదింటికి నాకు ఫోను చేసేవాడు. నేనుండేది ప్రొద్దుటూరులో, వాడుండేది జమ్మలమడుగులో. మా సంభాషణ ఒక్క మాటే. "ఏసుకున్యా అక్కా" అనేవాడు. "సరే నాయనా" అని పెట్టేసేదాన్ని. వేసుకున్నది లిథియం మాత్ర. పండగైనా, పెళ్లి భోజనాల మధ్యలో ఉన్నా, మా అమ్మ పోయిన రోజున కూడా ఆ ఫోను ఆగలేదు.

వాడికి బైపోలార్ జబ్బు. ఆ పేరు తెలియక ముందు మావాళ్లు దాన్ని తిక్క అనేవాళ్లు. ఇరవై ఏడో ఏట మొదటిసారి వచ్చింది. అప్పటికే వాడు సోషల్ టీచరు. వారం రోజులు నిద్ర లేకుండా తిరిగాడు. బడిలో పిల్లలందరికీ చెప్పులు కుట్టిస్తానని కాళ్ల కొలతలు తీసుకున్నాడు. ఆ తర్వాత ఐదు నెలలు మంచం దిగలేదు. 2010లో రెండోసారి వచ్చింది. అది ఇంకా పెద్దది. అప్పుడు ప్రొద్దుటూరు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ తమ్ముడి మనసు ఒకసారి మిద్దెక్కుతుందమ్మా, ఇంకోసారి బావిలోకి దిగుతుంది. మందు దాన్ని నేల మీద నడిపిస్తుంది. నేల మీద నడవడం ఆయనకు చప్పగా ఉంటుంది. మనం జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే."

నేను ట్రెజరీలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. జాగ్రత్త అంటే నాకు మాట కాదు, పని. మూడు నెలలకొకసారి వాణ్ణి ప్రొద్దుటూరు రప్పించి రక్తపరీక్ష చేయించేదాన్ని. ఎనిమిది గంటల ఫోను కూడా నేను పెట్టిన పద్ధతే. పన్నెండేళ్లు వాడు నేల మీద నడిచాడు. ఇద్దరు బిడ్డల్ని చదివించాడు, పెద్దదానికి పెళ్లి చేశాడు. మైలవరం దగ్గరి హైస్కూల్లో వాడి క్లాసంటే పిల్లలు బెల్లు కొట్టక ముందే వచ్చి కూర్చునేవాళ్లు.

ఆ శనివారం ఎనిమిదింటికి ఫోను రాలేదు. ఎనిమిది నలభైకి వచ్చింది.

"అక్కా! యాడున్యానో చెప్పు చూద్దాం."

"మాత్ర ఏసుకున్నావా?"

"ఈ పొద్దు మాత్రతో పన్లేదులేక్కా. పైన సుక్కలు చూస్తాండా. ఒక్కోటి తట్టంత ఉండాది."

వెనక ఎవరెవరో నవ్వుతున్నారు. వాడూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. మా తమ్ముడు బీడీ, సిగరెట్టు ముట్టనివాడు. ఆ దగ్గు వాడిది కాదని నాకు తెలిసింది.

ఫోను వచ్చింది గండికోట నుంచి. అక్కడ ఒకడు టెంట్లు నడిపేవాడు. వాడు మా తమ్ముడి దగ్గర తొమ్మిది, పది చదివినవాడు. భూములున్న ఇంటి బిడ్డ, తండ్రి మాటకు ఊళ్లో చెల్లుబాటు ఉంది. బెంగళూరులో రెండేళ్లు ఏదో ఉద్యోగం చేసి తిరిగొచ్చి, పెన్న లోయకు కాస్త ఎడంగా పన్నెండు టెంట్లు వేశాడు. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి వయసు పిల్లలు వస్తారు. రాత్రి మంట, సంగటి, నాటుకోడి, తెల్లవారి లోయ మీద పొద్దుపొడుపు. అక్కడున్న టెంట్లవాళ్లందరూ ఇచ్చేది ఇదే. వీడికి ఇంకేదో కావాలనిపించింది. అప్పుడు సారు గుర్తొచ్చాడు.

కోట గురించి మా తమ్ముడికి తెలిసినంత ఆ చుట్టుపక్కల ఇంకొకరికి తెలియదు. ధాన్యాగారంలో ఎన్ని పుట్ల గింజలు పట్టేవో చెప్పేవాడు. పావురాల గోపురం మీద ఏ కబురు ఏ రెక్క కింద కట్టి పంపేవాళ్లో కల్పించి చెప్పేవాడు. శనివారాలు వచ్చి మంట దగ్గర కథ చెప్పమని శిష్యుడు అడిగితే, తమ్ముడు నన్ను అడిగాడు. సరే అన్నాను. కథ చెప్పడంలో తప్పు లేదు. ఇప్పటికీ లేదనే అంటాను. మొదటి రెండు నెలలు కథ చెప్పి, మాత్ర వేసుకుని, ఎనిమిదింటికి ఫోను చేసి, ఇంటికి పోయి పడుకున్నాడు.

నవంబరు 19 తర్వాత ఫోను ఒక్కో రోజు ఏడింటికి వచ్చేది, ఒక్కో రోజు పదింటికి. ఒక్క మాట ఉన్నచోట గంటసేపు మాట్లాడేవాడు. కోటలోంచి పెన్న కిందుగా ప్రొద్దుటూరు దాకా సొరంగం ఉందనీ, అది మా ఇంటి వంటగది కింద తేలుతుందనీ చెప్పాడు. నేను బస్సెక్కి జమ్మలమడుగు పోయాను.

వాడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మనిషి చిక్కాడు, కళ్లు మెరుస్తున్నాయి. మాత్రల అట్టలు తెమ్మన్నాను. వాడు పగలబడి నవ్వాడు.

"చూడు, వచ్చేసింది ఆడిట్టు! అక్కా, నువ్వు ట్రెజరీలో ఉండి ఉండి మనిషిని గూడ బిల్లు మాదిరి చూస్తాండావు. యాడన్నా ఒక కొర్రీ ఏసి ఎనక్కి పంపేదే నీకు పని."

"కొర్రీ ఏసేదే. మాత్రలు యాడుండాయి?"

"ఉండాయిలే. అవి ఏసుకుంటే నేను బతికుండానో లేదో నాకే తెల్దు. ఇప్పుడు చూడు, ఎట్లుండానో!"

వంటింట్లోంచి మా మరదలు వచ్చింది. ఆమెది పులివెందుల. ఆమె మొహంలో భయం ఉంటుందనుకుని చూశాను. లేదు, సంతోషం ఉంది.

"నువ్వు ఏమన్నా అనుకో వదినా, మీ తమ్ముడు ఇప్పుడే మనిషైనాడు. పన్నెండేండ్లు గోడతో కాపురం చేసినట్టుండె. ఇప్పుడు నాతో మాట్లాడతాండాడు, నన్ను సినిమాకు పిల్చుకపోతాండాడు."

"ఏం తాగుతాండాడో తెలుసా నీకు?"

"ఆకు. అంతేగదా? మా నాయన సోమవారం సోమవారం తత్వాల భజనలో తాగేవాడు. ఎనబై ఏండ్లు బతికినాడు. ఏమైంది?"

మా వైపు ఇదొక నమ్మకం. సారాయి తాగితే తాగుబోతు. గంజాయి తాగితే మాత్రం అది ఆకు, బైరాగుల సొమ్ము, శివుడి వస్తువు. దాన్ని మత్తుపదార్థాల లెక్కలో ఎవరూ వేయరు. అందుకే అంతకు వారం ముందు డాక్టరు ఫోనులో "ఇంకేమైనా వాడుతున్నాడా?" అని అడిగినప్పుడు, మా మరదలు నిజాయితీగానే "ఏం లేదు సార్" అని చెప్పింది. ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు. నేను డాక్టరుకు చెప్పాను.

"ఆమె నాన్నకు ఈ జబ్బు లేదమ్మా. ఈ జబ్బున్నవాళ్లు దాని జోలికి పోవడం నేను చాలామందిలో చూశాను. చప్పగా ఉన్న రోజున అది ఊపిరి పోసినట్టు ఉంటుంది. మిద్దెక్కించేది అదే, దిగనివ్వనిదీ అదే. అన్నిటికన్నా ముందు మందు మానిపిస్తుంది. ఎట్లాగైనా పిలుచుకుని రండి."

వాడు రాలేదు. నేను గండికోట పోయాను. డిసెంబరు, మధ్యాహ్నం మూడు గంటలు. శిష్యుడు ఒక టెంటు మేకు బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"రా పెద్దమ్మా, కూచో. సల్లగ మజ్జిగ తాగుదువు."

"మజ్జిగకు రాలేదు. మా వానికి ఏం ఇస్తాండావు?"

"నేనేం ఇస్తా? వచ్చిన పిల్లోల్లు తాగుతాంటారు, సార్ గూడ రెండు దమ్ములు. ఆకే గదా పెద్దమ్మా, బైరాగులు తాగరా?"

"బైరాగులు లిథియం మింగరు."

వాడు నవ్వాడు. నేను తమాషాకు అన్నాననుకున్నాడు. దగ్గరికొచ్చి, ఇంటి మనిషితో చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"నిజం చెప్తా, కోపం చేసుకోవద్దు. ముందు సార్ కత చెప్తాంటే బస్టాండులో మైకు మాదిరి ఉండె. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం. జనం ఫోన్లు చూసుకుంటాండ్రి. ఇప్పుడు చూడాల నువ్వు! ఏడుస్తాడు, నగుతాడు, కట్టె తీసుకుని కత్తి మాదిరి తిప్పుతాడు. బుకింగ్ చేసేటప్పుడే అడుగుతాండారు, ఆ సార్ ఉంటాడా అని."

"మాత్ర మానమన్నది ఎవరు?"

"మాత్ర ఏసుకుంటే ఆకు ఎక్కదంట. సారే అన్యాడు. ఒక్క శనివారం మానితే ఏమైతాది సార్ అన్యా. అంతే."

"వాని జబ్బు నీకు తెలుసా?"

"ఊరందరికీ తెలుసు గదా పెద్దమ్మా."

తెలుసు. తెలిసే చేశాడు. తెలియక చేసుంటే ఈ రోజు ఇది రాసేదాన్ని కాదు. ఇంకెప్పుడూ ఇవ్వనని నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆ శనివారమే మళ్లీ ఇచ్చాడు. "అంతే" అని వాడన్న మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

2023 ఫిబ్రవరి 7, మంగళవారం. రెండో పీరియడ్. మా తమ్ముడు తొమ్మిదో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి, పుస్తకాలు బడిలోనే పెట్టించి, కోట చూపిస్తానని బయల్దేరదీశాడు. నలభై ఒక్కమంది. హెడ్మాస్టరుకు చెప్పలేదు. అన్నం లేదు, నీళ్లు లేవు. ముందు నడుస్తూ వాడే పాటలు పాడించాడట. పిల్లలకు అదొక పండగ. వాళ్ల సారు అంత సంతోషంగా ఉండటం వాళ్లు ఎప్పుడూ చూడలేదు.

లోయ అంచుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ అంచున కంచె లేదు. బండలు, బండల తర్వాత గాలి, చాలా కింద పెన్న. మా తమ్ముడు కొసాకరి బండ మీద నిలబడి, శత్రువులు వస్తున్నారు, ఒక్కొక్కరే వచ్చి చూడండి అని పిల్లల్ని పిలుస్తున్నాడు. నలుగురు పిల్లలు వాడి పక్కకు చేరుకున్నారు. గొర్రెలు మేపుకునే ఒకాయన చూసి, అరవకుండా, వెనకనుంచి వచ్చి, "సార్, గుక్కెడు నీళ్లు తాగి చెబుదువు రాండి" అని చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చాడు. అరిచి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించను. జరగనిదాన్ని లెక్కలో వేయను.

ఒక ఆడపిల్ల ఎండకు సొమ్మసిల్లింది. సాయంత్రానికి తల్లిదండ్రులు బడి ముందుకొచ్చారు. మర్నాడు సస్పెన్షన్. ఆ వారమే ఆసుపత్రి. ఇరవై మూడు రోజులుంచారు. మిద్దె మీది నుంచి దిగాడు, దిగి నేల మీద ఆగలేదు, తిన్నగా బావిలోకి పోయాడు. మా మరదలు చిన్నదాన్ని తీసుకుని పులివెందులకు పుట్టింటికి పోయింది. "నేను ఆకు అనుకున్యా వదినా" అని బస్టాండులో ఏడ్చింది. నేను ఓదార్చలేదు. టిక్కెట్టు తీసిచ్చి బస్సెక్కించాను. తమ్ముణ్ణి ప్రొద్దుటూరు తెచ్చి నా ఇంట్లో పెట్టుకున్నాను.

ఆ ఎండాకాలమంతా వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాత్ర నేనే ఇచ్చేదాన్ని. ఆగస్టులో ఒక పొద్దున లేచి కూర్చుని మొదటిసారి అడిగాడు.

"అక్కా, నన్ను మల్లా బల్లోకి రానిస్తారా?"

వాడు అడిగింది భార్య గురించి కాదు, బిడ్డల గురించి కాదు. బడి గురించి. వాడికి ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉంది. నేను విచారణాధికారిని కలిశాను. మంచివాడే.

"జబ్బు మనిషమ్మా. డాక్టరు సర్టిఫికెట్టు ఉంది. జబ్బు వల్ల జరిగిందని రాసి, మెడికల్ లీవు కింద కట్టి, సంక్రాంతి తర్వాత చేర్చుకోవచ్చు" అన్నాడు. సర్టిఫికెట్టులో డాక్టరు జబ్బు పేరొక్కటే రాశాడు. గంజాయి మాట రాయలేదు. నేనూ ఎత్తలేదు.

తమ్ముడికి ఆ కబురు చెబితే లేచి గడ్డం గీసుకున్నాడు. సాయంత్రం పాఠ్యపుస్తకం తెరిచాడు. పెంచిన మందుకు చెయ్యి వణుకుతుంటే పెన్సిలు రెండు చేతులతో పట్టుకుని పాఠం పక్కన గీతలు పెట్టుకున్నాడు.

అప్పుడు నా మనసు శిష్యుడి మీదికి మళ్లింది. అంతదాకా తీరిక లేదు.

మా మరదలి అన్నదమ్ములు పులివెందుల నుంచి కారేసుకుని వచ్చారు. చీనీ తోటలున్నవాళ్లు, మాటకంటే ముందు చెయ్యి లేచేవాళ్లు. పెద్దవాడు నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఊ అను వదినా. రేపు ఈ యాలకు ఆ డేరాలు బూడిదైతాయి. వాని కాళ్లు గూడ వాడు ఎతుక్కోవాల."

"డేరాలు కాలితే తండ్రి కొత్తవి కొనిస్తాడు. కాళ్లు ఇరగ్గొడితే ఊరంతా పోయి పలకరించొస్తారు. మీరు జైల్లో ఉంటారు. దీంట్లో వాడు పోగొట్టుకునేదేంది?"

"మరి ఏం చేద్దామంటావు? పోలీసులా?"

"పోలీసులు సోదా చేస్తే మావాని పాత సొక్కాయి జేబులో గూడ దొరుకుతాది. మీరు కాఫీ తాగి పోండప్పా."

చిన్నవాడు లేస్తూ అన్నకు చెప్పాడు. "ఈమెతో మనకెందుకన్నా? ఈమె మనకంటే శానా చెడ్డది."

ఆ మాట నాకు నచ్చింది.

గండికోటలో ఎండాకాలం టెంటు వేసుకునేవాడు ఉండడు. నవంబరు దాకా ఆగాను. 2023 నవంబరు 4, శనివారం. మధ్యాహ్నం బస్సులో జమ్మలమడుగు, అక్కణ్ణుంచి ఆటో. అందరిలాగే ఒక టెంటుకు డబ్బు కట్టి రసీదు తీసుకున్నాను. ఆ రాత్రికి నా బదులు మా పక్కింటి ఆమె ప్రొద్దుటూరులో తమ్ముడికి తోడుగా మా వసారాలో పడుకుంది. అందరికీ సంగటి పెట్టారు, నేనూ తిన్నాను. ఏడింటికి మంట వేశారు. సుమారు ముప్పైమంది పిల్లలు చుట్టూ కూర్చున్నారు. మంట పక్కన ఒక నున్నటి బండ ఖాళీగా ఉంది. కథ చెప్పేవాడి బండ. వెళ్లి దాని మీద కూర్చున్నాను.

నాకు కథలు చెప్పడం రాదు. లెక్క చెప్పడం వచ్చు. కోటతోనే మొదలుపెట్టాను. ధాన్యాగారం, పావురాల గోపురం, మా తమ్ముడు చెప్పేవన్నీ. పిల్లలు దగ్గరికి జరిగారు. ఆ తర్వాత చెప్పాను.

"పోయినేడు ఈ బండ మీద కూర్చుని ఇవి చెప్పిన మనిషి ఒక టీచరు. ఆయనకు మనసు జబ్బు. పన్నెండేళ్లు మందు మీద బాగున్నాడు. మాత్ర వేసుకుంటే కథ చప్పగా ఉందని, మాత్ర మాన్పించి, మీ చేతిలో ఇప్పుడున్నదే ఆయన చేతికిచ్చారు. ఆయన ఎగిరి, ఏడ్చి, కట్టె తిప్పి చెబుతుంటే మీలాంటి పిల్లలు చప్పట్లు కొట్టారు. మీరు చూసింది కథ కాదు, జబ్బు."

తేదీలు చెప్పాను. నలభై ఒక్కమంది పిల్లల గురించి, అదుగో ఆ అంచు గురించి చెప్పాను. పేరు చెప్పలేదు, బడి పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. ఆ మేరకు జాగ్రత్తపడ్డాను. ఒక అబ్బాయి చేతిలోది మంటలోకి విసిరేశాడు. ఒకమ్మాయి అడిగింది, "ఇచ్చిందెవరు ఆంటీ?"

"మీకు సంగటి వడ్డించినాయనను అడుగు" అన్నాను.

ముప్పై తలలు అటు తిరిగాయి. వాడి చేతిలో గరిటె అట్లాగే ఉంది. ఆ మొహం చూడటానికి నేను తొమ్మిది నెలలు ఆగాను. చూశాను. తృప్తిగా ఉంది. అట్లా ఉండకూడదని చెప్పేవాళ్లు నా చోట కూర్చుని చెప్పాలి.

రెండో శనివారం దీపావళి ముందు రోజు. టెంట్లు నిండాయని చెప్పి వాడు నా డబ్బు తీసుకోలేదు. మంచిదే అని దారి పక్కన, అందరూ లోయ చూడ్డానికి పోయేచోట కూర్చున్నాను. ఆ దారి వాడి తండ్రిది కాదు. వచ్చేవాళ్లు ముసలమ్మ కూర్చుందని ఆగేవాళ్లు, ఆగితే చెప్పేదాన్ని. ఆరో శనివారం వాడు నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా. పొట్ట మీద కొట్టొద్దు."

"నేనేం కొడతాండా? కత చెప్తాండా. కతలంటే నీకు ఇష్టం గదా?"

"ఇప్పుడు ఆకు బంద్ చేసినా. దేవుని మీద ఒట్టు. ఫోన్లో పెట్టేసినారు, ఆడికి పోతే ఒక ముసలామె ఏడిపిస్తాది అని. వచ్చేవాల్లు పక్క టెంట్లకు పోతాండారు."

"ఒక్క శనివారం పోతే ఏమైతాది నాయనా?"

వాడికి గుర్తుందో లేదో నాకు తెలియదు. తల దించుకుని పోయాడు. వాడి తండ్రి ఊరి పెద్దల్ని పంపాడు. వాళ్లు నన్ను కదిలించలేకపోయారు. మా సీమలో మగవాడు పగబట్టి కూర్చుంటే ఏం చేయాలో అందరికీ తెలుసు. ముసలి ఆడమనిషి చేతిసంచి ఒళ్లో పెట్టుకుని దారి పక్కన కూర్చుంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. పదకొండో శనివారం 2024 జనవరి 13. పండగ సెలవులు, గండికోట జనంతో కిటకిటలాడుతోంది. పక్క టెంట్లలో చోటు లేదు. వాడి పన్నెండు టెంట్లలో ఒక్కదాంట్లోనే దీపం ఉంది. ఆ నెలాఖరుకు మేకులు పీకేశాడు.

ఫిబ్రవరిలో తమ్ముడికి విద్యాశాఖ నుంచి కాగితం వచ్చింది. తిరిగి చేర్చుకునే ఉత్తర్వనుకుని, వాడు చదవడానికి ముందు మొహం కడుక్కుని వచ్చాడు. కాదు, రెండో అభియోగం. గంజాయి సేవించి విద్యార్థుల ప్రాణాలకు ముప్పు తెచ్చినట్టు. ఆధారం ఒక వీడియో.

మొదటి శనివారం నేను చెబుతుంటే మంట దగ్గర ఎవరో పిల్ల ఫోనులో తీసింది. నేను పేరు చెప్పలేదు నిజమే. కానీ తొమ్మిదో తరగతి పిల్లల్ని కోట అంచుకు తీసుకుపోయిన టీచరు జమ్మలమడుగు చుట్టుపక్కల ఇద్దరు లేరు. వీడియో తిరిగి తిరిగి ఆ సొమ్మసిల్లిన పిల్ల తండ్రికి చేరింది. ఆయన ఆఫీసులో ఇచ్చాడు. ఆయన స్థానంలో నేనున్నా ఇచ్చేదాన్నే.

విచారణాధికారి నన్ను పిలిచి, మొహం చూడకుండా అడిగాడు. "ఇందులో మాట్లాడింది మీరేనా అమ్మా?"

"నేనే."

"చెప్పింది నిజమేనా?"

"తేదీలతో సహా."

"జబ్బయితే నేను ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఇక నా చేతుల్లో లేదు."

ఇంటికొచ్చేసరికి తమ్ముడు వసారాలో కూర్చుని పక్కింటి వాళ్ల ఫోనులో ఆ వీడియో చూస్తున్నాడు. పూర్తిగా చూశాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశాడు. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను.

"పావురాల కత తప్పు చెప్పినావక్కా" అన్నాడు. "కబురు కట్టేది ఎడమ రెక్కకు."

"సరే నాయనా."

"వాడు నా పిచ్చిని అమ్ముకున్యాడు. నువ్వు ఉత్తగనే పంచిపెట్టినావు."

వాడు కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నా దగ్గర జవాబు ఉంది. నేను అబద్ధం చెప్పలేదు, వాడికి మందు మాన్పించలేదు, అంచు మీదికి తోలలేదు. ఇవన్నీ నిజాలే, ఈ రోజుకూ నిజాలే. వాడు లేచి పాఠ్యపుస్తకం తీసుకుని బీరువాలో బట్టల కింద పెట్టాడు. ఆ రాత్రి ఎనిమిదింటికి మాత్ర చేతిలో పెడితే వేసుకున్నాడు. "ఏసుకున్యా" అనలేదు.

2024 జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. నిర్బంధ పదవీ విరమణ. ఆ పెన్షను బిల్లు ఏ ట్రెజరీ మీదుగా పోతుందో, ఏ బల్ల మీద ఆగుతుందో నాకు తెలుసు. వెంటపడి ఆగకుండా చూశాను.

శిష్యుడు ఇప్పుడు చిలమకూరు దారిలో, సిమెంటు లారీలు ఆగేచోట బిర్యానీ హోటలు పెట్టాడు. బాగా నడుస్తోందని విన్నాను. పోయిన నెల బయటి ఊరి పెద్దాసుపత్రిలో తమ్ముడి రక్తపరీక్ష చేయించి వస్తూ బస్సు కిటికీలోంచి చూశాను. బల్లలు ఎనిమిది, బయట వేపచెట్టు కింద ఒక బండ. మోకాళ్లు ఇంకా బస్సెక్కడానికి పనికొస్తున్నాయి. తమ్ముడు నా పక్క సీట్లోనే ఉన్నాడు, వాడూ అటు చూశాడు. "వద్దక్కా" అన్నాడు. ఆ రోజు వాడు నాతో మాట్లాడింది అదొక్కటే. నేను సరే అనలేదు.

పోయినవి ఇవి.

మా తమ్ముడి సర్వీసు, ఆరేళ్ల చిల్లర.

వాడి కాపురం. మరదలు పులివెందులలోనే ఉంది. చిన్నది పండక్కి ఫోను చేస్తుంది.

కుడిచేతి రాత. వణుకు తగ్గలేదు, సంతకం మాత్రం చేయగలడు.

నలభై ఒక్కమంది పిల్లలకు సోషల్ టీచరు.

గండికోట కథలు. ఇప్పుడు ఎవరడిగినా చెప్పడు. నేను రాసిపెడదామని అడిగాను, నాకూ చెప్పలేదు.

పన్నెండు టెంట్లు. అవి శిష్యుడివి, నా లెక్కలోకి రావు.

రాత్రి ఎనిమిది గంటల ఫోను. ఇప్పుడు మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి దాని అవసరం లేదు.

అంతే.